మత్తు దిగింది, పేగులు ఇంకా మేలుకోవాలి

పొట్ట ఆపరేషన్ అయిన మర్నాడు మేము మీ మనిషిని అడిగే మొదటి ప్రశ్న, "గ్యాస్ పోయిందా?" అని. పెద్దవాళ్ళు సిగ్గుపడతారు, పక్కనున్నవాళ్ళు నవ్వుకుంటారు. మాకు మాత్రం అంతకంటే మంచి కబురు లేదు.

పూర్తి మత్తు ఇచ్చినప్పుడు పేగుల కదలిక కూడా మందగిస్తుంది. పేగులను చేతితో తాకడంవల్ల, నొప్పికి ఇచ్చే మార్ఫిన్ వంటి మందులవల్ల ఇంకా మందగిస్తుంది. రోగి కళ్ళు త్వరగానే తెరుస్తాడు. పెద్దపేగు మామూలుగా కదలడానికి మాత్రం రెండు మూడు రోజులు పట్టవచ్చు.

ఆ పెద్దపేగులో కోట్లాది బాక్టీరియా కాపురముంటాయి. ఒక మనిషి ఒంట్లో ఇవి సుమారు 38 లక్షల కోట్లని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. మనకు అరగని పీచును ఇవి పులియబెట్టి పేగు పొరకు ఆహారం తయారుచేస్తాయి, చెడ్డ క్రిములకు చోటివ్వవు. మనకు వచ్చే గ్యాస్‌లో చాలా భాగం వీటి పనే! ఆపరేషన్ సమయంలో వీటికి తిండి ఉండదు. గాయం చీము పట్టకుండా ఇచ్చే యాంటీబయాటిక్ వీటిలో కొన్నింటిని చంపుతుంది కూడా. అది తప్పనిసరి మందు. కాని "ఇంకా పవరున్నది రాయించండి సిస్టర్" అని బతిమాలకండి. ఇంట్లో మిగిలిన బిళ్ళలు అసలే వేయకండి.

ఆపరేషన్‌కు ముందు పస్తు ఎందుకంటే, మత్తులో దగ్గు రాదు. జీర్ణాశయంలోని తిండి పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే తేలిక తిండికి కనీసం 6 గంటలు, మంచినీళ్ళకు 2 గంటలు ఎడం ఉండాలి. పాలు కలిపిన కాఫీ తిండి కిందే లెక్క. ఒక అత్తగారు జాలిపడి కోడలికి అర ఇడ్లీ పెట్టి, థియేటర్ గుమ్మం దగ్గర ఏడుస్తూ చెప్పారు. ఆపరేషన్ వాయిదా పడింది. ఆమెను ఎవరూ తిట్టలేదు. చెప్పినందుకు సంతోషించాము.

తరువాత తిండి ఎప్పుడు పెట్టాలో డాక్టరుగారే చెబుతారు. కొందరికి గ్యాస్ పోకముందే ఇవ్వమంటారు, కంగారుపడకండి. జావతో మొదలుపెట్టి పెరుగన్నానికి రండి. మంచంమీదే ఉంచకుండా, లేవమన్నప్పుడు చేయి పట్టుకొని నడిపించండి. పొట్ట ఉబ్బి వాంతులైతే వెంటనే మమ్మల్ని పిలవండి.

ఇంటికి వెళ్ళాక, కొన్ని వారాల తరువాతైనా సరే, రోజుకు మూడుసార్లు మించి నీళ్ళ విరేచనాలైతే కొట్లో బిళ్ళ కొని ఆపకండి. వాడిన మందుల చీటీతో ఆసుపత్రికి తీసుకురండి.