బొద్దు విమానానికి దిష్టిచుక్క

పసిబిడ్డకి స్నానం చేయించి, పౌడరు అద్ది, కొత్త గౌను తొడిగి, ఆఖర్న బుగ్గ మీద ఓ దిష్టిచుక్క పెడితేగానీ మన పెద్దవాళ్లకి తృప్తి ఉండదు. నున్నటి బుగ్గ మీద ఆ నల్లటి మచ్చ పడ్డాకే బిడ్డకి కళ వస్తుంది. సరిగ్గా ఇలాంటి పనే బొమ్మ విమానాలకి చేసేవాళ్లున్నారంటే నమ్ముతారా? కోడిగుడ్డులా బొద్దుగా ఉండే చిన్న ప్లాస్టిక్ విమానాన్ని ముక్కముక్కా అతికించి తయారుచేస్తారు. చక్కగా రంగులు వేస్తారు. ఆ తర్వాత పనిగట్టుకుని దానికి మసి, మడ్డి, దుమ్ము పూస్తారు! ఎండకీ వానకీ తిరిగొచ్చిన వస్తువులా కనిపించేట్టు చేసే ఈ పనినే ‘వెదరింగ్’ అంటారు. రోజల్లా మరకలు తుడవడంతోనే సరిపోయే మనకి, కావాలని మరకలు వేసే ఆట ఒకటుందంటే వింతగానే ఉంటుంది కదూ!

గుడ్డు విమానం పుట్టిల్లు

జపాన్‌లోని షిజుఓకా ప్రాంతం ప్లాస్టిక్ నమూనా బొమ్మలకి పెట్టింది పేరు. తమియా, హసెగావా, అయోషిమా లాంటి కంపెనీలన్నీ అక్కడివే. వీటిలో 1941లో మొదలైన హసెగావాకి విమానాల కిట్లంటే ప్రత్యేకమైన పేరుంది. అసలు విమానంలో 72వ వంతు, 48వ వంతు అని లెక్క కట్టి, కొలత తప్పకుండా చేస్తుంది. అలాంటి పద్ధతైన కంపెనీయే 1970ల చివర్లో ‘తమాగో హికోకి’ అని ఓ సరదా వరస మొదలుపెట్టింది. తమాగో అంటే గుడ్డు, హికోకి అంటే విమానం. జీరో, ఎఫ్-14 టామ్‌క్యాట్, ఎఫ్-15 ఈగిల్ లాంటి భయంకరమైన యుద్ధ విమానాలన్నీ ఇందులో బూరెబుగ్గల బుజ్జాయిలైపోయాయి. పొట్టి రెక్కలు, గుండ్రటి పొట్ట, అరచేతిలో పట్టేంత ఒళ్లు!

ఇవి చూడగానే ముద్దెందుకొస్తాయి? జంతువుల ప్రవర్తనని పరిశీలించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1943లోనే దీని గురించి రాశాడు. పెద్ద తల, గుండ్రటి బుగ్గలు, పొట్టి కాళ్లూ చేతులూ కనిపిస్తే పెద్దవాళ్లకి సాకాలనిపిస్తుందన్నాడు. విమానాన్ని అదే కొలతల్లోకి కుదిస్తే మన మనసు అక్కడా కరుగుతుంది.

ఈ తరహా కిట్లు ఇప్పుడు వేరే దేశాలవీ వస్తున్నాయి. చైనా కంపెనీ మెంగ్ పిల్లల కోసం చేసిన వరసలో జిగురు కూడా అక్కర్లేదు. ముక్కలు ఒకదాన్లో ఒకటి నొక్కితే బిగుసుకుంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అవి తేలిక.

చేయి తిరగాలంటే

పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ఓ చిన్న కట్టర్, సన్న గరుకు కాగితం, ప్లాస్టిక్ అతికే జిగురు, ఆక్రిలిక్ రంగులు, రెండు కుంచెలు ఉంటే చాలు. ముక్కల్ని చట్రంలోంచి లాగకండి, కత్తిరించండి. జిగురు రాసే ముందు ఉత్తినే అమర్చి చూసుకోండి. జెట్ విమానమైతే మూతిలో రెండు చిన్న ఇనప నట్లు అతికించి మరీ మూయాలి. లేదంటే బొద్దు పిల్లాడు వెనక్కి కూలబడినట్టు తోక మీద కూర్చుంటుంది!

ఆక్రిలిక్ రంగు బాగా ఆరాక పైన మెరిసే వార్నిష్ ఒక పూత వేయాలి. ఇప్పుడు అసలు తమాషా మొదలు. గోధుమ రంగు ఆయిల్ పెయింట్‌ని టర్పెంటైన్‌తో నీళ్లలా పల్చన చేసి, విమానం ఒంటి మీద గీతల్లో కుంచె కొసతో తాకిస్తే చాలు. గచ్చు పగుళ్లలోకి నీళ్లు పాకినట్టు దానంతటదే పాకిపోతుంది. కాసేపాగి మిగిలింది దూదితో తుడవాలి. తుడిచేటప్పుడు మూతి నుంచి తోక వైపుకే తుడవండి. విమానం మీద గాలి అటే వీస్తుంది కాబట్టి మరక కూడా అటే సాగాలి.

రంగు లేచిపోయినట్టు కనిపించాలంటే గిన్నెలు తోమే స్పాంజి నుంచి చిన్న ముక్క తుంపి, వెండి రంగులో ముంచి, పాత పేపరు మీద దాదాపు రంగంతా వదిలించి, అప్పుడు అంచుల మీద అద్దాలి. పొగ మసికి రంగు సుద్దని గీకిన పొడి చాలు. వాడకుండా మూల పడేసిన ఐషాడో డబ్బా ఉంటే ఇంకా మంచిది. తమియా కంపెనీ అమ్మే వెదరింగ్ పొడుల పెట్టె కూడా అచ్చం మన మేకప్ డబ్బాలాగే, చిన్న స్పాంజితో సహా వస్తుంది. అంతా అయ్యాక మెరుపులేని వార్నిష్ పూస్తే మరకలన్నీ ఒంట్లో కలిసిపోతాయి.

అన్నట్టు, జిగురూ టర్పెంటైనూ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. పొయ్యి దగ్గర ఆ ఊసే వద్దు. ముక్కలు చిన్నవి కాబట్టి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి అందనీయకండి.

ప్రతి మరకకీ ఓ కారణం

ఎక్కడ పడితే అక్కడ నలుపు పూస్తే అది వెదరింగ్ కాదు, మురికి! మరక ఎందుకు పడిందో తెలిసుండాలి. స్టవ్ వెనక గోడ మీద జిడ్డు, తలుపు గొళ్లెం చుట్టూ చేతి మాసిక, నీళ్లు కారిన చోట తెల్లచార... ఇల్లు చూసి మనుషులెలా మసలుతారో చెప్పేయగలం మనం. విమానమూ అంతే. ఇంజన్ పొగగొట్టం వెనక నల్లచార ఉంటుంది. పైలట్ కాలు పెట్టి ఎక్కే చోట రెక్క మొదట్లో రంగు అరుగుతుంది. ఇంధనం పోసే మూత దగ్గర కారిన మడ్డి ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం చివరి ఏళ్లలో పసిఫిక్ దీవుల్లో ఉన్న చాలా జపాన్ విమానాలకి ఆకుపచ్చ రంగు చెక్కులు చెక్కులుగా లేచిపోయి, లోపలి వెండి రంగు లోహం బయటపడింది. కింద సరైన పూత లేకపోవడం, ఎండ, ఉప్పుగాలి అందుకు కారణాలు. అమెరికా నౌకాదళం 2006 దాకా వాడిన టామ్‌క్యాట్ల సంగతి ఇంకో రకం. ఓడ మీద మంచినీళ్లు పొదుపుగా వాడాలి కాబట్టి ఊరికే కడగడం కుదరదు. తుప్పు పట్టకుండా ఎక్కడికక్కడ రంగు ప్యాచీలు వేసేవారు. అందుకే అవి అతుకుల బొంతల్లా కనిపించేవి.

నిజం విమానం దగ్గర్నుంచి చూడాలంటే విశాఖ బీచ్ రోడ్డులో టి.యు.-142 ఉంది. నౌకాదళంలో 29 ఏళ్లు పనిచేసి 2017లో విశ్రాంతి తీసుకున్న విమానం అది. ఈసారి వెళ్తే ఫొటోలు దిగి వచ్చేయకండి. అతుకులు ఎక్కడున్నాయో, రంగు ఎక్కడ వెలిసిందో పరిశీలించండి.

అయితే గుడ్డు విమానానికి మరక ఎంతవరకూ వేయాలి? అసలు విమానానికి వేసినన్ని వేస్తే దాని నవ్వుమొహం మాయమైపోతుంది. రెండో మూడో మరకలు ఎంచుకుని, వాటినే కాస్త పెద్దగా, స్పష్టంగా వేయాలి. దిష్టిచుక్క ఒకటే ఉంటేనే అందం. మొహమంతా పూస్తే పిల్లాడు జడుసుకుంటాడు!

యుద్ధంతో ఆటలా?

ఈ సందేహం రావడం సహజమే. జీరో విమానాలు 1944, 45లలో ఆత్మాహుతి దాడులకీ వెళ్లాయి. ఆ కుర్రాళ్లకీ తల్లులున్నారు, వాళ్లు కూల్చిన ఓడల్లోని వాళ్లకీ ఉన్నారు. బొమ్మని బొద్దుగా చేసినంత మాత్రాన ఆ సంగతి చెరిగిపోదు. పిల్లలతో కలిసి చేసేటప్పుడు ఆ మాట కూడా చెప్పండి. ఆడుకుంటూ విన్న మాట పాఠంలో విన్నదానికన్నా ఎక్కువ కాలం గుర్తుంటుంది.

“దేనికి పనికొస్తుందమ్మా?”

ఎవరో ఒకరు అడిగే తీరతారు. అత్తగారో, ఆడపడుచో, ఎదురింటి పిన్నిగారో! ఆడవాళ్ల సరదాలన్నిటికీ ఈ ప్రశ్న ఉంది. కుట్లు నేర్చుకుంటే నాలుగు జాకెట్లు కుట్టుకోవచ్చు. పచ్చళ్లు పెడితే అమ్ముకోవచ్చు. ఆఖరికి ముగ్గు వేసినా పోటీకి పంపమంటారు. వాళ్లంతా మన మంచి కోరే అంటారు. కానీ ఇంట్లో మగవాళ్లు రెండు గంటలు క్రికెట్ చూస్తే, అది దేనికి పనికొస్తుందని ఎవరైనా అడిగారా?

మామూలు నమూనా విమానాల్లోనూ తప్పులు పట్టేవాళ్లకి కొదవలేదు. రెక్క పొడవు తేడా ఉందనీ, రంగు ఛాయ తప్పనీ వాదించుకుంటారు. గుడ్డు విమానంలో ఆ గొడవ లేదు. అసలు ఆకారమే తప్పు కదా, ఇంకేం తప్పు పడతారు? కూరలో ఉప్పు దగ్గర్నుంచి పిల్లల మార్కుల దాకా ఎవరో ఒకరు మనకి మార్కులు వేస్తూనే ఉంటారు. మార్కుల్లేని చోటు ఒక్కటైనా ఉండొద్దూ?

అందుకే ఎవరైనా అడిగితే, “ఎందుకూ పనికిరాదండీ, నాకు సరదా” అని నవ్వుతూ చెప్పండి. జవాబు సరిపోతుంది. బజార్లో కిట్టు దొరక్కపోతే పిల్లల పాత ప్లాస్టిక్ బొమ్మ ఏదన్నా తీసుకుని, దానికి ఓ మసిచార వేసి చూడండి. వారానికి రెండు గంటలు చాలు. ఆ రెండు గంటలూ మాత్రం బల్ల మీద బట్టల మూట పెట్టనివ్వకండి!