భయము, నవ్వు, యుగాంతము

రాత్రి భోజనములైన పిమ్మట నలుగురు కూర్చున్నచోట "మీకు మిక్కిలి నచ్చిన కథ యేది?" అని అడిగి చూడుడు. మహాకావ్యముల పేర్లు చెప్పువారు అరుదు. ఒకరికి గూఢచారుల కథ ఇష్టము. ఒకరికి టెలివిజన్ హాస్యనాటిక. మరియొకరికి లోకమంతయు నశించిపోవు నవల. చెప్పిన వెంటనే, "ఏదో కాలక్షేపమునకు" అని సంజాయిషీ చెప్పుకొనుట కూడ వాడుకయే. ఆ సంజాయిషీ అనవసరమని మా అభిప్రాయము. కాలక్షేపమునకు వ్రాసిన దానిలో పనితనము లేదనుకొనరాదు.

మొదట ఉత్కంఠకథను తీసికొందము. స్కాట్లండు రచయిత జాన్ బకన్ 1914లో కడుపులోని పుండుచే మంచము పట్టియున్నపుడు వ్రాసిన చిన్న నవల "ది థర్టీ నైన్ స్టెప్స్" 1915లో వెలువడినది. దక్షిణాఫ్రికా నుండి లండను వచ్చి, తోచుబాటు కాక విసిగియున్న హానే అను నతని యింటికి ఒక అపరిచితుడు వచ్చి ఆశ్రయము కోరును. కొలది దినములలో ఆ అతిథి గుండెలో కత్తితో నేలపై పడియుండును. హంతకులు వెదకుచుందురు, పోలీసులును వెదకుచుందురు. పాలవాని దుస్తులు వేసికొని హానే పరుగు తీయును. కథ యంతయు ఆ పరుగే.

అయితే ఈ నవలలో మమ్ము పట్టి యుంచినది పరుగు కాదు, చివరి ఘట్టము. సముద్రతీరమున నొక యింటిలో ముగ్గురు పెద్దమనుష్యులుందురు. వారే శత్రువులని హానే నమ్మి లోనికి పోవును. తీరా చూడగా వారు మర్యాదస్థులు, కలవరపడుదురు, నొచ్చుకొందురు, కొంతసేపటికి అందరును కూర్చుండి పేకాడుదురు. తాను పొరబడితినేమో యని హానేకు సందేహము కలుగును, మనకును కలుగును. అంతలో వారిలో నొకడు వ్రేళ్లతో మోకాలిపై మెల్లగా తట్టును. ఆ తట్టుటను హానే అంతకు ముందొకచోట చూచియున్నాడు! తుపాకి ప్రేలుటకంటె ఆ వ్రేళ్ల కదలిక మనకు ఎక్కువ దడ పుట్టించును.

ఈ నవలను 1935లో చలనచిత్రముగా తీసిన ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్, 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో జరిపిన సంభాషణములలో ఇందలి కిటుకును విప్పి చెప్పెను. బల్లక్రింద బాంబు ఉన్నదనుకొనుడు. ఎవరికిని తెలియకుండ అది ప్రేలినచో ప్రేక్షకునికి పదునైదు క్షణముల ఆశ్చర్యము మాత్రమే దక్కును. బాంబున్నదని ప్రేక్షకునికి ముందే తెలిసి, బల్లవద్ద కూర్చున్నవారు ఏమియు నెరుగక కబుర్లాడుచున్నచో పదునైదు నిమిషముల ఉత్కంఠ లభించును. రహస్యమును దాచుటలో కాక, పంచుటలో భయమున్నదన్నమాట. అద్దెపుస్తకముల దుకాణము నుండి కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెచ్చి, దీపము ఆర్పుమని ఇంటివారు కేకలు వేయుచున్నను ఆపలేక చదివిన వారికి ఇది వివరింప నక్కరలేదు.

హాస్యములోను బాంబు ఇట్లే బల్లక్రింద ఉండును. అది ఎదుటివాని అహంకారము. మనకు కనబడును, వానికి కనబడదు.

ఇంగ్లండులో టెలివిజన్ హాస్యము చాలవరకు రేడియో కడుపున పుట్టినదే. 1954లో బి.బి.సి. రేడియోలో మొదలై 1956లో టెలివిజన్‌కు వచ్చిన "హాన్‌కాక్స్ హాఫ్ అవర్" అందుకు మంచి తార్కాణము. దానిని వ్రాసిన రే గాల్టన్, అలన్ సింప్సన్ అను నిరువురును యౌవనమున క్షయరోగులై ఒక శానిటోరియములో కలిసికొనిరి. అచ్చటి ఆసుపత్రి రేడియోకే తొలి హాస్యములు వ్రాసిరి. వారి నాయకుడైన టోనీ హాన్‌కాక్ తన్ను తాను గొప్పవానినిగా తలచుకొను సామాన్యుడు. 1961 నాటి "ది బ్లడ్ డోనర్" అను నాటికలో అతడు రక్తదానమునకు పోవును. పరీక్షకై వ్రేలి నుండి తీసిన చుక్కయే దానమని తలచి, మహాత్యాగము చేసినవానివలె లేచి పోబోవును. తీసికొనవలసినది ఒక పైంటు అని తెలియగానే ముఖము మారును. చివరకు ఇచ్చిన రక్తము, చేయి తెగి అదే ఆసుపత్రికి వచ్చిన తనకే ఎక్కును. ఈ నాటికకు ముందు కారు ప్రమాదములో గాయపడిన హాన్‌కాక్‌కు మాటలు కంఠస్థము కాక, ఎదుట తెరపై చూచి చదువవలసి వచ్చెను. అతని చూపు ఒక్కొకచోట ఎదుటివానిపై కాక ప్రక్కకు పోవుటకు కారణము అదియే.

మాకు మాత్రము దీనికంటె 1958లో రేడియోలో వచ్చిన ఆదివారపు మధ్యాహ్నపు నాటిక మిన్న. అందులో ఏమియు జరుగదు. వాన కురియుచుండును, నలుగురు కూర్చుండి విసుగుకొందురు. నిట్టూర్పు, మౌనము, మరల నిట్టూర్పు. మాటల మధ్య మౌనము వినబడునట్లు చేయుట మైక్రోఫోను ముందు సామాన్యమైన పని కాదు.

రేడియోలో మౌనమునకు ఎంత బలము గలదో 1938 అక్టోబరు 30వ తేది రాత్రి అమెరికాలో తేటపడినది. హెచ్.జి. వెల్స్ 1898లో ప్రచురించిన "ది వార్ ఆఫ్ ది వరల్డ్స్" నవలను ఆర్సన్ వెల్స్ బృందము వార్తల రూపమున ప్రసారము చేసెను. నృత్యసంగీతము నడుమ వార్త; మరల సంగీతము; న్యూజెర్సీలో దిగిన కుజగ్రహవాసులను వర్ణించుచున్న విలేఖరి గొంతు హఠాత్తుగా తెగిపోవును. తరువాత కొన్ని క్షణములు ఏమియు లేదు. నాటకమని మొదటనే చెప్పిరి గాని, ఆలస్యముగా పెట్టినవారు దానిని వినలేదు. దేశమంతయు వీథులలోనికి పరుగులెత్తినదని మరునాటి పత్రికలు వ్రాసినది చాలవరకు అతిశయోక్తి యని తరువాతి పరిశోధకులు తేల్చిరి. కాని కొందరైనను భయపడిరి. నమ్మకమైన గొంతు చెప్పుటయే అందుకు కారణము.

మూలనవలలో వెల్స్ ఉద్దేశ్యము వేరు. ఐరోపావారు టాస్మేనియా ద్వీపవాసులను నాశనము చేసిన సంగతిని అతడు మొదటి అధ్యాయముననే జ్ఞప్తికి తెచ్చును. పరులను జయించినవారికి జయింపబడుట యెట్లుండునో రుచి చూపెను. పరపాలన నెరిగిన జాతివారమైన మనకు ఈ నవలలోని భయము కొంత వేరుగా తగులును.

మన పురాణములలోని ప్రళయము వెనుక మరల సృష్టి కలదు. మనువుకు పడవ దొరకును. యుగాంతపు నవలలు ఆ పడవను గూర్చియే వాదులాడును. అమెరికా రచయిత జార్జి స్టీవర్ట్ 1949 నాటి "ఎర్త్ అబైడ్స్"లో పడవ నిచ్చెను. ఒక వ్యాధిచే జనులందరును పోగా మిగిలిన ఇష్ అనువాడు విశ్వవిద్యాలయ గ్రంథాలయమును కాపాడవలెనని తపించును. పిల్లలకు చదువు పట్టదు. తుదకు వారికి విల్లు చేయుట నేర్పును. వారు పాత నాణెములను సాగగొట్టి బాణపు ములుకులు చేసికొందురు. గ్రంథములు పోయి విల్లు మిగులుట దుఃఖమో, ఊరటయో రచయిత చెప్పడు. ఈ తెగలో మాకు మిక్కిలి ప్రియమైన పుస్తకమిది.

నెవిల్ ష్యూట్ 1957లో వెలువరించిన "ఆన్ ది బీచ్"లో పడవ లేదు. అణుయుద్ధమున ఉత్తరార్ధగోళము నశించి, విషధూళి మెల్లగా ఆస్ట్రేలియావైపు దిగుచుండును. ఇది ఊరక పుట్టిన ఊహ కాదు. 1954 మార్చి 1న బికినీ దీవివద్ద అమెరికా ప్రేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద దూరమున చేపలు పట్టుచున్న జపానీయుల పడవపై రాలినది. అందున్న ఇరువదిముగ్గురును జబ్బుపడిరి. రేడియో ఆపరేటరు ఐకిచి కుబోయామా ఆ సెప్టెంబరులో మరణించెను.

ష్యూట్ మనుష్యులు మరీ మర్యాదస్థులనియు, చావు ముంగిట నిలిచినను కొట్లాడుకొనరనియు ఆక్షేపణ కలదు. అది న్యాయమే. కాని రాని వేసవికి తోట వేయువారు, లఘులేఖనము నేర్చుకొన బోవు యువతి, చనిపోయిన కుమార్తెకు ఆటబొమ్మ వెదకు నావికుడు మనకు మరపునకు రారు. సియాటిల్ వైపునుండి అర్థములేని మోర్సు సంకేతములు వినవచ్చుచుండగా, ఎవరైన బ్రతికియున్నారేమో యని జలాంతర్గామి బయలుదేరును. రక్షణదుస్తులు ధరించి ఒక అధికారి ఒంటరిగా గట్టెక్కి చూచును. విరిగిన కిటికీ చట్రమొకటి మోర్సు మీటపై వాలి గాలికి ఊగుచుండును. సంకేతములు పంపుచున్నది అదియే.

మరలిపోవుటకు ఇంకను కొంత వ్యవధి కలదు. అక్కడ పాత వారపత్రికలు కనబడును. వానిలో అతడు ముగింపు చదువని సీరియల్ కథ ఉన్నది. ఆ నిర్మానుష్య నగరపు చెంత అతడు కూర్చుండి, తరువాత ఏమి జరిగినదో తెలిసికొనుటకు దానిని చదువనారంభించును.