సముద్రము దాటు ఆవకాయ

అమెరికాలోని మిత్రునికి ఊరగాయ పంపుట నేడొక శాస్త్రమైనది. ఆ దేశమునకు వచ్చు ఆహారమును గూర్చి అచ్చటి ఆహారౌషధ శాఖకు ముందుగా తెలుపవలెనని 2002 నాటి చట్టము విధించినది. అందొక మినహాయింపు గలదు: స్వగృహమున తయారుచేసినవారే మరియొక వ్యక్తికి స్వంత కానుకగా పంపినచో ఆ సూచన యక్కరలేదు. అంగడి సీసాకు ఈ మినహాయింపు వర్తింపదు. తల్లి చేతి జాడీని పరదేశపు చట్టము గుర్తించుట మాకు ముచ్చటగానే యున్నది!

పచ్చి కరివేపాకున కీ యాదరము లేదు. దానిపై బ్రతుకు చిన్న పురుగు నారింజ, నిమ్మ తోటలను చంపు తెగులును మోసికొనిపోవును. తోటలుగల మన పాఠకులు ఆ నిషేధమును నిందింపజాలరు. మాంసపు పచ్చడియు నంతే.

ఇక సుంకము. 800 డాలర్లలోపు సరకులకుండిన మినహాయింపును 2025 ఆగస్టు 29 నుండి ఆ ప్రభుత్వము తీసివేసినది. నాడును 100 డాలర్లకు మించని నిజమైన కానుకలను మాత్రము విడిచిపెట్టినది. ఇట్లుండగా, 'కాగితములు' అని వ్రాసి పచ్చడి పంపుడని బోధించు దళారులను మేము గర్హించుచున్నాము. న్యాయముగా పోదగిన వస్తువును వారు దొంగసరకు చేయుచున్నారు. తపాలా వారి ప్రకటన పత్రముపై 'తినుబండారములు' అన్న చాలదు. మామిడికాయ, ఆవపిండి, నూనె, ఇంత బరువు, ఇంత వెల, కానుక అని ఇంగ్లీషున విప్పి వ్రాయవలెను.