నీటి కోసం పొలాన్ని గడ్డికి వదిలేస్తే, ఆ పొలం ఎవరిది?

అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో వర్తింగ్టన్ అనే చిన్న పట్టణం ఉంది. పంది మాంసం ఫ్యాక్టరీలో పనిచేసే వలస కార్మికుల కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఊరికి తాగునీరిచ్చే బావులు దక్షిణాన బెల్లా చెరువు దగ్గర ఉంటాయి. ఆ బావుల చుట్టూ ఉన్న మొక్కజొన్న, సోయా పొలాలను కొన్నేళ్లుగా డబ్బు పెట్టి కొని, సాగు మాన్పించి, ఆ నేలకు సొంతమైన గడ్డి జాతులు, పూల మొక్కలు వేస్తున్నారు. ఇప్పుడా భూమి ప్రజల ఆస్తి. నీళ్లు శుభ్రం చేయడానికి యంత్రం బదులు గడ్డి పెట్టారన్నమాట.

ఇందులో వింతేమీ లేదు. పంటకు వేసిన నత్రజని ఎరువు మొత్తం పంటకే పోదు. మిగిలింది నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచలేదు, వాన నీటితో పాటు కిందికి దిగిపోతుంది. మొక్కజొన్న, సోయా నేలలో ఉండేది ఏడాదిలో సగం కాలమే. మిగతా నెలల్లో నేల ఖాళీ, తాగే వేరు లేదు. పైగా ఆ ప్రాంతంలో పొలాల కింద గొట్టాలు వేసి, తడిని నేరుగా వాగుల్లోకి వదులుతారు. అదే అక్కడి సహజ గడ్డికైతే ఎరువే అక్కర్లేదు. దాని వేళ్లు రెండు మీటర్లకు పైగా దిగుతాయి. మంచు కరిగినప్పటి నుంచి చలి వచ్చేదాకా నైట్రేట్‌ను పీలుస్తూనే ఉంటాయి. పొలం మొత్తం వదిలేయనక్కర్లేదు కూడా. పొరుగున ఉన్న అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007 నుంచి చేసిన ప్రయోగాల్లో, పొలంలో పదో వంతును ఇలాంటి గడ్డి పట్టీలుగా మారిస్తే కొట్టుకుపోయే మట్టి 90 శాతానికి పైగా తగ్గింది. భూగర్భ జలం మాత్రం తొందరగా మారదు, ఏళ్లు పడుతుంది.

అదే అయోవాలో డెమొయిన్ నగరం మరో దారిలో నడిచింది. నదిలో నైట్రేట్ పెరిగిపోవడంతో 1990ల మొదట్లోనే దాన్ని తీసేసే భారీ ప్లాంటు కట్టుకుంది. ఎగువ జిల్లాల మీద 2015లో కేసు వేసింది. 2017లో కోర్టు ఆ కేసు కొట్టేసింది. 2025 వేసవిలో ప్లాంటు నడుస్తున్నా సరిపోక, ఇళ్ల ముందు గడ్డికి నీళ్లు పెట్టొద్దని సుమారు 6 లక్షల మందికి చెప్పాల్సి వచ్చింది. కలుషితం చేసేది పెద్ద వ్యవసాయం, బిల్లు కట్టేది కుళాయి దగ్గర నిలబడ్డ మనిషి.

ఇది మనకు దూరపు కథ కాదు. మన ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే అన్నిటికన్నా ముందు ప్రమాదం పాలపొడి తాగే పసిపిల్లలకు. రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలం తిరుగుతుంది. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో తెలంగాణ నమూనాల్లో పావు వంతుకు పైగా ఈ పరిమితి దాటాయి. ఎరువులతో పాటు మురుగు కూడా దీనికి కారణం. ఊరి మురుగంతా పారే పల్లానే మన వాడలు ఎందుకుంటాయో మళ్లీ చెప్పనక్కర్లేదు. నీళ్లు కాచి తాగితే సరిపోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కాస్తే నైట్రేట్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

మరి మన దగ్గర ఈ పద్ధతి పెడితే? మేము దీన్ని సమర్థిస్తాం. కానీ భూమి దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాట గట్టిగా అడగాలి. వర్తింగ్టన్‌లో పొలాన్ని కొన్నారు. హైదరాబాద్‌లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కాపాడటానికి 1996లో జీవో 111 తెచ్చి 84 గ్రామాల మీద ఆంక్షలు పెట్టారు. చెరువులు కాపాడాల్సిందే. అయితే ఆ ఆంక్ష కొనుగోలుతో రాలేదు, కాగితంతో వచ్చింది. 2022లో జీవో 69తో దాన్ని ఎత్తేస్తున్నామన్నది కూడా మళ్లీ కాగితంతోనే. భూమి ధర పెరుగుదల కోసం ఎదురుచూడగలిగినవాడు ఎదురుచూశాడు, చూడలేనివాడు అంతకుముందే తెగనమ్ముకున్నాడు.

ప్రజా ప్రయోజనం అనగానే అధికారులకు ముందు కనిపించేది అసైన్డ్ భూమి. లావుణీ పట్టా అన్నా, డి-పట్టా అన్నా ప్రభుత్వం దాన్ని తనదే అనుకుంటుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చేవెళ్ల కేసులో, ప్రజా ప్రయోజనం కోసం అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. చేవెళ్ల ఆ జంట జలాశయాలకు ఎంతో దూరం కాదు. పచ్చదనం పేరుతో పోడు భూముల్లో గుంతలు తవ్వి ఆదివాసులతో గొడవకు దిగిన హరితహారం రోజులు కూడా ఎవరూ మరిచిపోలేదు.

అమెరికా గడ్డినీ అమాయకంగా చూడలేం. వర్తింగ్టన్ ఉన్న నేల డకోటా ప్రజలది. 1851 ఒప్పందంతో దాన్ని తీసుకున్నారు. 1862 యుద్ధం తర్వాత 38 మంది డకోటాలను మంకేటోలో ఒకే రోజు ఉరితీసి, మిగిలినవాళ్లలో ఎక్కువమందిని రాష్ట్రం నుంచి వెళ్లగొట్టారు. ఇప్పుడు వాళ్ల గడ్డి మాత్రం తిరిగొస్తోంది.

అందుకే మొదట మునిసిపాలిటీ, కార్పొరేషన్ సొంత పేరున ఉన్న సాగు భూముల దగ్గర మొదలుపెట్టమని మేమంటాం. చెరువు ఎగువన, మంచినీటి బావుల చుట్టూ అలాంటివి ఎన్ని ఎకరాలున్నాయో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి సర్వే నంబర్లతో అడగండి. వేసేది యూకలిప్టస్, కోనోకార్పస్ కాకుండా గరిక, వట్టివేరు, తంగేడు, మోదుగ, కానుగ అయ్యేలా పట్టుబట్టండి. నాటే పని, కోసే గడ్డి, మేత హక్కు భూమి లేని దళిత కుటుంబాల సంఘాలకు ఇమ్మని రాతపూర్వకంగా కోరండి. ఆ భూముల్లో కాగితం లేకుండా దున్నుకునే సివాయి జమేదార్లు ఉంటారు. అందుకని లీజు ఎవరి పేరున ఉందో, సాగు చేసేది ఎవరో వేర్వేరుగా రాసుకోండి. మొదటిది ఫైలులో దొరుకుతుంది. రెండోదాని కోసం ఆ చేనిదాకా వెళ్లాలి.