ఈఈజీ నార్మల్ అని వచ్చిందా? ఫిట్స్ మాత్రలు ఆపకండి

(అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ లబ్ధిదారుల కోసం)

మూర్ఛ అనండి, కాకిసొమ్మ అనండి, ఫిట్స్ అనండి, జబ్బు ఒకటే. మీ ఇంట్లో ఎవరికైనా ఇది ఉంటే, డాక్టరు ఈఈజీ తీయించుకు రమ్మని చీటీ రాసి ఉంటే, పరీక్షకు పోయే ముందు ఇది చదవండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి. ఎందుకు ఇంతగా చెబుతున్నామంటే, ఈఈజీ రిపోర్టులో "నార్మల్" అని కనిపించగానే జబ్బు లేదనుకుని మాత్రలు మానేసేవాళ్లు చాలామంది. అలా మానేసిన తర్వాత వచ్చే ఫిట్స్ ముందటికంటే గట్టిగా, ఆగకుండా రావచ్చు. ప్రాణం మీదికి కూడా రావచ్చు.

ఫిట్స్ అంటే మెదడులో ఏం జరుగుతుంది?

మెదడులో ఉండే కోట్లాది కణాలు సన్నని కరెంటుతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. సంతలో జనం మాట్లాడుకున్నట్టు, ఎవరి మాట వాళ్లది. ఫిట్స్ వచ్చినప్పుడు లెక్కలేనన్ని కణాలు ఒక్కసారిగా ఒకే అరుపు అరుస్తాయి. ఆ అరుపు చేతిని కదిలించే చోట మొదలైతే చెయ్యి కొట్టుకుంటుంది. మెదడంతా పాకితే మనిషి పడిపోయి, ఒళ్లంతా బిగుసుకుని కొట్టుకుంటాడు.

అందరికీ పడిపోవడమే రాదు. బడిలో రాసుకుంటున్న పిల్ల పది సెకన్లు చూపు నిలిపేసి, మళ్లీ ఏమీ జరగనట్టు రాసుకుంటుంది. అది కూడా ఫిట్సే కావచ్చు. అయ్యవారు ధ్యాస లేదని ఆ పిల్లను తిడుతుంటారు పాపం.

ఇది గాలి కాదు, చేతబడి కాదు, అంటుకునేది కాదు. తాయెత్తు కట్టించుకుంటే మీ నమ్మకం మీది, కానీ దాని కోసం మాత్ర మానొద్దు. వాతలు మాత్రం పెట్టించకండి. వాతతో మెదడు లోపలి అరుపు ఆగదు, బిడ్డ ఒళ్లు కాలుతుంది.

ఈఈజీలో కరెంటు పెడతారా?

పెట్టరు. ఈ భయంతోనే పరీక్ష ఎగ్గొట్టేవాళ్లున్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాం. ఈఈజీ మిషను మీ తలలోకి ఏమీ పంపదు, మెదడు నుంచి వచ్చేదాన్ని వింటుంది, అంతే. గుండెకు తీసే ఈసీజీ లాంటిదే ఇది. పుర్రె మీద దొరికే ఆ కరెంటు ఎంత తక్కువంటే, టార్చిలైటులో వేసే పెన్సిల్ సెల్లు బలాన్ని ముప్పై వేల వంతులు చేస్తే అందులో ఒక వంతు. మనిషి తల మీద నుంచి ఇంత చిన్న అలలను మొదట పట్టినవాడు జర్మనీలోని యేనా ఊరి డాక్టరు హాన్స్ బెర్గర్. 1924లో పట్టాడు, 1929లో లోకానికి చెప్పాడు.

పరీక్షకు ముందు రోజు తలకు పోసుకుని బాగా ఆరబెట్టుకోండి. తర్వాత నూనె రాయొద్దు. నూనె ఉంటే వైర్లు అంటుకోవు, రీడింగు సరిగా రాదు. పూలు, క్లిప్పులు తీసేసి, విప్పుకోవడానికి వీలుగా జడ వేసుకుని పోండి. జుట్టు కత్తిరించరు, గొరగరు. కడుపు మాడ్చుకోనక్కరలేదు, తినే పోండి. రోజూ వేసుకునే మాత్ర ఆ రోజు కూడా వేసుకోండి. డాక్టరు వద్దంటేనే ఆపాలి. కొందరికి నిద్రలో పరీక్ష చేయాలి కాబట్టి, ముందు రాత్రి మేలుకుని ఉండమని చెబుతారు. చిన్నపిల్లలైతే అమ్మానాన్నలకు కూడా ఆ రాత్రి జాగారమే.

అక్కడ తల మీద ఇరవై దాకా చిన్న బిళ్లలు జిగురుతో అంటిస్తారు. కళ్లు తెరవమంటారు, మూయమంటారు, మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటారు, ముఖం ముందు లైటు మిణుకుమిణుకుమనిపిస్తారు. అరగంటలో అయిపోతుంది. నొప్పి ఉండదు. జిగురు కడిగితే పోతుంది.

మరి నార్మల్ అని ఎందుకొస్తుంది?

ఫిట్స్ వచ్చేది నెలకో, రెండు నెలలకో ఒకసారి, అదీ రెండు నిమిషాలు. మిషను విన్నది అరగంట. ఎవరో ఒక్క పూట మన జిల్లాకొచ్చి, ఆకాశం చూసి, ఇక్కడ వానే పడదని రాసుకుపోతే ఎట్లుంటుంది? ఇదీ అంతే. ఫిట్స్ జబ్బు నిజంగా ఉన్నవాళ్లలో కూడా దాదాపు సగం మందికే మొదటి ఈఈజీలో తేడా కనబడుతుంది. నిద్రలో తీస్తే, మళ్లీ మళ్లీ తీస్తే ఇంకొందరిలో బయటపడుతుంది. తిరగేసి చూసినా అంతే, జీవితంలో ఫిట్స్ రానివాళ్లలో కొందరికి ఈఈజీలో తేడా ఉంటుంది. కాబట్టి కాగితం ఒక్కటి చూసి డాక్టరు నిర్ణయం చేయరు, మీరూ చేయొద్దు.

డాక్టరుకు అన్నిటికంటే పెద్ద ఆధారం, ఫిట్స్ వచ్చినప్పుడు పక్కనున్న మీరు చూసిందే. రోగికి ఏమీ గుర్తుండదు. అందుకే ఆస్పత్రికి రోగిని ఒంటరిగా పంపకుండా, చూసిన మనిషి వెంట పోవాలి. ఇంకొక మంచి సాధనం మీరు ఇప్పుడు చేతిలో పట్టుకుని ఇది చదువుతున్న ఫోనే. ఒకరు మనిషిని చూసుకుంటుంటే ఇంకొకరు వీడియో తీయండి. ముఖం, రెండు చేతులు, కాళ్లు కనబడాలి. కళ్లు తెరిచి ఉన్నాయా, మూసుకున్నాయా? తల ఏ పక్కకు తిరిగింది? ఏ చెయ్యి ముందు కొట్టుకుంది? పేరు పెట్టి పిలిస్తే పలికారా? తెలివి వచ్చాక మాట తడబడిందా? ఒక నిమిషం వీడియోలో ఇవన్నీ తెలుస్తాయి. అది డాక్టరుకు చూపించడానికే, వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి కాదు.

వీడియో తీసేవాళ్లు లేకపోతే వదిలేయండి, ముందు మనిషి ముఖ్యం. పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, మెడ దగ్గర బిగుతు వదులు చేయండి, గడియారం చూడండి. నోట్లో చెంచా గానీ వేలు గానీ నీళ్లు గానీ పెట్టొద్దు. కొట్టుకునే చేతుల్ని అదిమి పట్టొద్దు. తాళంచెవులు చేతిలో పెట్టినా, ఉల్లిగడ్డ వాసన చూపినా లాభం లేదు. ఫిట్స్ దానంతట అది ఆగే వేళకు తాళంచెవి పెట్టి ఉంటారు కాబట్టి దానికి పేరొచ్చింది. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా, గర్భిణి అయినా, నీళ్లలో పడినా, మొదటిసారి వచ్చినా 108కి ఫోన్ చేయండి.

మన పక్కనే జరిగిన పరిశోధనలు

బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు నగరంలో, చుట్టుపక్కల పల్లెల్లో కలిపి లక్షకు పైగా జనాన్ని ఇంటింటికీ తిరిగి చూశారు. 2004లో వచ్చిన ఆ లెక్క ప్రకారం నగరంలో వెయ్యి మందిలో ఆరుగురికి, పల్లెల్లో పన్నెండు మందికి మూర్ఛ ఉంది. పల్లెలో రెండింతలు! ఆ లెక్కన రెండు వేల జనాభా ఊళ్లో ఇరవై మందికి పైనే. సిగ్గుపడి దాచుకుంటారు కాబట్టి మనకు ఒకరో ఇద్దరో కనబడతారు.

పల్లెల్లో ఎక్కువ కావడానికి ఒక పెద్ద కారణం బద్దెపురుగు. పంది మాంసం తినేవాళ్లకే ఇది వస్తుందనుకుంటారు. కాదు. ఆ పురుగు కడుపులో ఉన్న మనిషి ఆరుబయట మలానికి పోతే గుడ్లు మట్టిలో, కూరగాయల మీద, చేతుల మీద చేరి, శాకాహారి నోట్లోకైనా పోతాయి. మెదడులో గడ్డలాగా కూర్చుని ఫిట్స్ తెప్పిస్తాయి. స్కాన్‌లో ఇది దొరుకుతుంది, వైద్యం ఉంది. మరుగుదొడ్డి, సబ్బుతో చేతులు కడుక్కోవడం మూర్ఛకు కూడా మందే.

ఇంకొకటి మన వైపు వాళ్లు తప్పక తెలుసుకోవాలి. కొందరికి తల మీద వేడినీళ్లు చెంబుతో పోసుకున్నప్పుడే ఫిట్స్ వస్తాయి. దక్షిణ కర్ణాటకలో ఇది ఎక్కువ. నిమ్హాన్స్ డాక్టరు సతీశ్‌చంద్ర, ఆయన తోటివాళ్లు 1988లో ఇలాంటి 279 మంది గురించి రాశారు. సలసల కాగే నీళ్లతో తలకు పోసుకునే అలవాటు మనకూ ఉంది. మీ బిడ్డకు బచ్చలింట్లోనే ఫిట్స్ వస్తుంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. గోరువెచ్చని నీళ్లు, కొద్దికొద్దిగా పోయడంతోనే కొందరికి తగ్గుతుంది. కొందరికి తలస్నానానికి ముందు వేసుకునే మాత్ర రాస్తారు. తలుపు గడియ మాత్రం పెట్టుకోనివ్వకండి.

పథకం ఎక్కడ పనికొస్తుంది?

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పేరు మారుతూ ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. చాలామంది పొరబడేది ఇక్కడే: ఈ పథకం ముఖ్యంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి, ఆపరేషన్లకు. నెలనెలా మింగే మాత్రలకు దారి వేరు. వాటికి పీహెచ్‌సీకో, ప్రభుత్వ ఆస్పత్రి ఓపీకో పోవాలి. అక్కడ ఉచితం. పట్నం దాకా పోలేకపోతే ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఈ-సంజీవని ద్వారా వీడియోలో డాక్టరుతో మాట్లాడించమని అడగండి.

పదిమందిలో ఏడుగురికి సరైన మాత్రలతోనే ఫిట్స్ ఆగిపోతాయి. మిగిలినవాళ్లకు, అంటే రెండు రకాల మందులు సరైన మోతాదులో వాడినా ఆగనివాళ్లకు, వీడియో ఈఈజీ అవసరం పడుతుంది. ఆస్పత్రిలో చేర్చుకుని, తలకు వైర్లు ఉంచి, కెమెరా పెట్టి, ఫిట్స్ వచ్చేదాకా రోజుల తరబడి చూస్తారు. అరుపు మొదలయ్యే చోటు తేలితే కొందరికి ఆపరేషన్ చేయవచ్చు. హైదరాబాదు నిమ్స్‌లో, బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇవి జరుగుతాయి. బస్సెక్కే ముందు 104కి ఫోన్ చేసి, మీరు పోయే ఆస్పత్రి పథకంలో ఉందా, మీ వైద్యం అందులోకి వస్తుందా అని అడగండి. ఆస్పత్రిలో చేరే ముందే వైద్యమిత్రను కలవండి, చేరి డబ్బు కట్టాక కాదు. ఆధార్, రేషన్ కార్డు, పాత చీటీలు, స్కాన్ ఫిల్ములు, ఈఈజీ కాగితాలు ఒకే సంచిలో పెట్టుకోండి.

ఆడపిల్లల విషయం. వాల్‌ప్రోయేట్ అనే మాత్ర కడుపులో బిడ్డకు హాని చేయవచ్చు. అయినా సొంతంగా ఆపొద్దు. పెళ్లి కుదిరినప్పుడే డాక్టరుతో మాట్లాడితే వేరే మందుకు మారుస్తారు. మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదని ఎవరైనా అంటే, ఆ మాట 1999లోనే చట్టం నుంచి తీసేశారని చెప్పండి.

సుగ్గికి, బెంగళూరు పనులకు పోయేవాళ్లకు మాత్రలు తెగిపోయేది అక్కడే. రెండేళ్లయినా ఫిట్స్ లేకుండా గడవందే మందు తగ్గించే ఆలోచన డాక్టరు కూడా చేయరు, చేసినా కొద్దికొద్దిగానే తగ్గిస్తారు. బయల్దేరే ముందే పీహెచ్‌సీలో చెప్పి ఎక్కువ రోజులకు మాత్రలు అడగండి. మందుచీటీ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. పోయినచోట ప్రభుత్వ ఆస్పత్రిలో అది చూపిస్తే అవే మందులు రాస్తారు. పనిలో పెట్టే మేస్త్రికి కూడా ఒక మాట చెప్పి, పరంజా ఎక్కే పని, బావి దగ్గర పని వద్దనండి.