నిజమైన గాలిమేడ

జరగని పనులను ఊహించుకునే వారిని చూసి "గాలిమేడలు కడుతున్నాడు" అంటాం. కాని మన దేశంలో నిజంగానే ఒక గాలిమేడ ఉన్నది. అది రెండు వందల ఏళ్ళకు పైగా చెక్కుచెదరకుండా నిలిచి ఉన్నది కూడా! రాజస్థాన్ రాజధాని జయపూర్‌లోని హవామహలే అది. 'హవా' అంటే గాలి, 'మహల్' అంటే మేడ.

మీరు జయపూర్ వెళ్ళకపోయినా క్యాలెండర్ల మీద దాని బొమ్మ చూసే ఉంటారు. అయిదు అంతస్తులు. పైకి పోయేకొద్దీ సన్నబడుతూ కిరీటంలా కనిపిస్తుంది. ముందు భాగమంతా తేనెపట్టు గదుల్లా చిన్న చిన్న కిటికీలు. వాటి సంఖ్య 953 అని చెబుతారు. దీనిని 1799లో మహారాజా సవాయ్ ప్రతాప్ సింగ్ కట్టించాడు. నిర్మించిన శిల్పి పేరు లాల్ చంద్ ఉస్తాద్. ఎత్తు సుమారు 50 అడుగులు.

మండు వేసవిలో జయపూర్ ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అయినా ఈ మేడలో కిటికీ పక్కన కూర్చుంటే హాయిగా ఉంటుందని చెబుతారు. ఈ హాయి ఎక్కడి నుంచి వచ్చింది? రండి, లోపలికి పోయి చూద్దాం.

వెనుక నుంచి ప్రవేశం

వీధి వైపు ఎంత వెదికినా మీకు సింహద్వారం కనిపించదు. రాజభవనం ఉన్న వెనుక వైపు నుంచే లోపలికి పోవాలి. ఎందుకంటే ఇది రాణివాసపు స్త్రీల కోసం కట్టిన మేడ. ఆ రోజుల్లో వారికి ఘోషా ఉండేది. వీధిలో ఉత్సవాలు, ఊరేగింపులు జరుగుతుంటే వారు ఈ కిటికీల వెనుక కూర్చుని చూసేవారు. వారికి వీధి అంతా కనిపించేది. వీధిలోని వారికి వారు కనిపించేవారు కారు.

ఇదెలా సాధ్యం? మిట్టమధ్యాహ్నం వీధిలో నిలబడి ఎదుటి ఇంటి కిటికీలోకి చూడండి. లోపల అంతా చీకటిగా ఉంటుంది. అదే కిటికీ లోపలి నుంచి చూస్తే వీధి స్పష్టంగా కనిపిస్తుంది. వీధిలోని వస్తువుల మీద పడి ప్రతిఫలించే వెలుగు చాలా ఎక్కువ. గదిలోని మనిషి నుంచి బయటకు వచ్చే వెలుగు చాలా తక్కువ. దానికి తోడు కిటికీ మీద ఎండ పడితే ఆ మెరుపులో లోపలి కొద్ది వెలుగు కంటికి ఆనదు. జాలీ రంధ్రాలు ఎంత చిన్నవైతే ఈ తేడా అంత బాగా పనిచేస్తుంది. నిర్మాణంలోని నేర్పు గొప్పదే. కాని వీధిలోకి వచ్చే స్వేచ్ఛ లేని స్త్రీల కోసం ఆ నేర్పు అవసరమైందని కూడా మరిచిపోకూడదు.

పై అంతస్తులకు పోవటానికి చాలా చోట్ల మెట్లకు బదులు ఏటవాలు దారులు ఉన్నాయి. ఏటవాలు తలం గురించి మీరు చదివే ఉంటారు. నడవవలసిన దూరం పెరుగుతుంది, కాని ఒక్కొక్క అడుగుకు వేయవలసిన బలం తగ్గుతుంది.

గాలి చల్లబడుతుందా?

"చిన్న రంధ్రాలలో దూరినప్పుడు గాలి చల్లబడుతుంది, అదే హవామహల్ రహస్యం" అని చాలామంది చెబుతారు. ఇందులో నిజమెంత?

తోటకు నీళ్ళు పెట్టే గొట్టం చివర బొటనవేలితో కొంత మూసి చూడండి. నీరు వేగంగా చిమ్ముతుంది. దారి ఇరుకైన చోట ప్రవాహ వేగం పెరుగుతుంది. గాలి కూడా అంతే. జాలీ రంధ్రాలలో దాని వేగం పెరిగే మాట నిజం. కాని వేగం పెరిగినంత మాత్రాన చల్లబడేది ఎంత? కదలని గాలి సెకనుకు 10 మీటర్ల వేగం అందుకున్నా, అందువల్ల తగ్గే ఉష్ణోగ్రత డిగ్రీలో ఇరవయ్యో వంతు మాత్రమే! మన చర్మం దానిని గుర్తించనే లేదు.

మరి చల్లగా ఎందుకు అనిపిస్తుంది? దీనికి జవాబు గాలిలో లేదు, మన ఒంటి మీద ఉన్నది. చెమట ఆవిరి కావాలంటే ఉష్ణం కావాలి. ఆ ఉష్ణాన్ని అది మన చర్మం నుంచే తీసుకుంటుంది. ఒక గ్రాము చెమట ఆవిరి కావటానికి సుమారు 580 కెలోరీల ఉష్ణం అవసరం. గాలి కదలకపోతే చర్మం చుట్టూ తేమ పేరుకుంటుంది, చెమట ఆరదు. గాలి వీస్తే ఆ తేమ కొట్టుకుపోతుంది, చెమట త్వరగా ఆరుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది.

కావాలంటే ఈ ప్రయోగం చేయండి. మీ పాఠశాల ప్రయోగశాల నుంచి రెండు ఉష్ణమాపకాలు తీసుకోండి (జ్వరం చూసేది పనికి రాదు). ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టండి. రెండింటినీ ఫాను ముందు ఉంచండి. పొడి ఉష్ణమాపకంలో మార్పు దాదాపు ఉండదు. తడి దానిలో పాదరసం దిగిపోతుంది. అంటే ఫాను గాలిని చల్లబరచదు. తడిగా ఉన్న దానిని చల్లబరుస్తుంది. ఎవరూ లేని గదిలో ఫాను తిరగనివ్వటం వృథా అని ఇప్పుడు తెలిసింది కదా!

వచ్చిన గాలి పోవాలి

కిటికీలు ఎన్ని ఉన్నా, అన్నీ ఒకే వైపు ఉంటే గాలి ఆడదు. గాలి వచ్చే దారితో పాటు పోయే దారి కూడా ఉండాలి. గాలి తగిలే వైపు పీడనం ఎక్కువ, అవతలి వైపు తక్కువ. ఈ తేడా వల్లనే గాలి గదిలో నుంచి దూసుకుపోతుంది. హవామహల్ పై మూడు అంతస్తుల వెడల్పు ఒక్క గది మాత్రమే! ముందు నుంచి వచ్చిన గాలికి అడ్డుగోడలు లేవు. అసలు రహస్యం రంధ్రాల కంటే ఇక్కడే ఎక్కువగా ఉన్నది.

మరొక సంగతి. ఈ మేడ ముఖం తూర్పుకు ఉన్నది. ఉదయపు ఎండ తగ్గాక, మధ్యాహ్నం తరువాత వీధి వైపు నీడలోకి వస్తుంది. ముందుకు పొడుచుకువచ్చిన కిటికీ గూళ్ళు కూడా ఒకదానికొకటి నీడ పడతాయి. వెనుక ముంగిట్లో నీటి ఫౌంటెను ఉన్నది. జయపూర్ వేసవి గాలి పొడిగాలి కాబట్టి నీరు త్వరగా ఆవిరై, పరిసరాల వేడిని కొంత తగ్గిస్తుంది. ఇక్కడ మాత్రం గాలి నిజంగానే చల్లబడుతుంది. మన ఇళ్ళలో వేసవిలో వట్టివేళ్ళ తెరలు కట్టి నీళ్ళు చల్లటం ఇందుకే. అయితే మచిలీపట్నం, విశాఖపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో గాలి ముందే తేమగా ఉంటుంది. అక్కడ ఈ ఉపాయం అంతగా పనిచేయదు.

వడగాలిలో జాగ్రత్త

గాలి ఎప్పుడూ మేలే చేస్తుందని అనుకోకండి. మన చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే వేడిగా ఉంటే అది మన ఒంటికి వేడిని చేరవేస్తుంది. అప్పుడు మనలను కాపాడేది చెమట ఒక్కటే. చెమట పట్టాలంటే ఒంట్లో నీరు ఉండాలి. వేసవిలో ఎక్కువగా నీళ్ళు, మజ్జిగ తాగమని పెద్దలు చెప్పటంలోని అర్థం ఇదే. తడి బట్ట కప్పుకోవటం కూడా ప్రాణాలు కాపాడే ఉపాయమే.

మేడలూ రాజులూ మనకు లేకపోవచ్చు. కాని నీడ, ఎదురెదురు కిటికీలు, తడి - ఈ మూడింటికీ రాజ్యం అక్కర లేదు. మన పాత మండువా ఇళ్ళలో గాలి ఆడటానికీ ఈ సూత్రాలే కారణం. రేపు మీ తరగతి గదిలో కిటికీలు ఏ ఏ దిక్కులకు ఉన్నాయో చూడండి. ఒక సన్నని దారం వేలాడదీసి, ఒక వైపు కిటికీలు తెరిచినప్పుడూ, రెండు వైపులా తెరిచినప్పుడూ అది ఎంత కదులుతుందో పోల్చండి. గాలి పోయే దారికి అడ్డంగా బీరువా ఏదైనా ఉంటే, మీ ఉపాధ్యాయులకు చెప్పి పక్కకు జరిపించండి.