గోల్ఫు లింక్సు : ప్రకృతి యెంత? మానవు డెంత?

ఆటస్థల మనగానే మనకు చదునుచేసి, గీతలు గీసి, హద్దులు నిర్ణయించిన నేల స్ఫురించును. గోల్ఫు అందులకు భిన్నము. కఱ్ఱతో చిన్నబంతిని కొట్టుకొనుచు పోయి, దూరమున నున్న గుంటలో వీలైనంత తక్కువ దెబ్బలతో పడవేయుటయే ఆ యాట. మిట్టపల్లములు, ఇసుక, గాలి – ఇవియే ఆటగానికి ప్రత్యర్థులు. ఇట్టి యాటస్థలములలో మిక్కిలి ప్రాచీనములు స్కాట్లండు సముద్రతీరమున నున్నవి. వానిని లింక్సు అందురు. ఇంగ్లీషున లింకనగా గొలుసుకొక్కెమని చదివిన మన బాలురు ఆ మాటతో దీనిని కలుపరాదు. ఇది మిట్టనేల యను నర్థముగల ప్రాచీనపదమునుండి పుట్టినది.

ఈ నేల యెట్లేర్పడెను? హిమయుగమున స్కాట్లండును దట్టమైన మంచు కప్పియుండెను. అది కరగగా, బరువు దిగిన నేల మెల్లమెల్లగా పైకి లేచెను. సముద్రము వెనుకకు తగ్గెను. బయటపడిన యిసుకను గాలి తిన్నెలుగా పోసెను. తిన్నెలపై గడ్డి మొలిచి యిసుకను పట్టి నిలిపెను. అట్టి నేలలో నీరు నిలువదు. పంటయు సరిగా పండదు. కావున రైతు దానిని గొఱ్ఱెలకును కుందేళ్లకును వదలెను. అవి గడ్డిని కొఱికి పొట్టి చేసెను. చలిగాలికి గొఱ్ఱెలు ఒదిగిన తావులే గోతులై, నేటి బంకరులను ఇసుకగుంతలకు మూలమైనవని చెప్పుదురు. ఎవ్వరును పటము గీయకయే యాటస్థలము సిద్ధమైనది.

అయినను ఇది సగము మాటయే. సెంట్ ఆండ్రూస్ పట్టణమందలి ఓల్డ్ కోర్సును తీసికొందము. అచ్చట 1764లో 22 గుంటల యాటను 18కి కుదించిరి; లోకమంతటను నేటికిని ఆ లెక్కయే చెల్లుచున్నది. ఇది మనుష్యుల నిర్ణయమే గాని ప్రకృతి నియమము గాదు. 1864లో ఆ స్థలమునకు రక్షకుడుగా వచ్చిన టామ్ మారిస్ 18వ గుంటచుట్టు నున్న పచ్చికను తానే నిర్మించెను. స్విల్కన్ వాగునకు రాతిగట్లు కట్టబడినవి. 17వ గుంట ప్రక్కన బాటయు రాతిగోడయు నున్నవి. బంతి బాటమీద పడినచో అచ్చటనుండియే కొట్టవలెను! బంకరుల గోడలైనను పచ్చికపెళ్లలను ఇటుకలవలె పేర్చి కట్టినవే. గాలికి అవి చెడిపోవును. కొన్ని యేండ్ల కొకసారి మరల కట్టవలసినదే. మనము సహజమని మెచ్చుకొను ఆ గుంత యొక విధముగా తాపీపనియే.

దీనికి సరిగా ఎదురు ఉదాహరణము అమెరికాలో నున్నది. విస్కాన్సిన్ రాష్ట్రమున మిచిగన్ సరస్సు తీరమందలి చదునైన నేలపై, పీట్ డై అను శిల్పి వేలకొలది లారీల యిసుక తెప్పించి తిన్నెలు పోయించెను. గొఱ్ఱెలను సైతము స్కాట్లండు జాతివానినే అందు వదలిరి. విస్లింగ్ స్ట్రెయిట్స్ అను నా స్థలము 1998లో ఆటకు తెఱవబడెను. బంకరులు సుమారు వేయి. వానిలో పెక్కింటికి ఆటతో సంబంధమే లేదు, చూపులకొఱకే. మా కిది కొంత అతిగా తోచును. కాని దూరమునుండి చూచినవారు అది మనుష్యకృతమని పోల్చలేరు.

ఆ పోల్చలేకపోవుటయే 2010లో ఒకనికి తగిలెను. పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్పు కడపటి గుంటకు డస్టిన్ జాన్సన్ ఒక దెబ్బ ఆధిక్యముతో వచ్చెను. అతని బంతి ప్రేక్షకులు త్రొక్కిన యొక యిసుకతావున పడెను. అది వట్టి నేల యని తలచి, కొట్టుటకు ముందు కఱ్ఱను ఇసుకకు ఆనించెను. బంకరులో అట్లు చేయరాదు. ఇసుక యున్న ప్రతి తావును బంకరుగానే ఎంచవలెనని అధికారులు ముందే ప్రకటన అంటించియుండిరి. రెండు దెబ్బల దండన పడెను. ముగ్గు రాడవలసిన తుదిపోటీ మార్టిన్ కైమర్, బబ్బా వాట్సన్ అను నిద్దఱ నడుమనే జరిగెను, కైమర్ గెలిచెను. జాన్సన్ అయిదవ స్థానమునకు దిగిపోయెను.